రెండు పీటలు, ఒక ఉప్పు కట్ట

కంబెసే,
జనవరి 22, 1996

అమ్మమ్మా,

క్షేమంగా చేరాను. బడి ఉంది, పైకప్పు సగం ఉంది, పిల్లలు మాత్రం పూర్తిగా ఉన్నారు. నువ్వు కోడలిగా వచ్చిన ఊరు, మా అమ్మ పుట్టిన ఊరు ఇదేనని తెలియగానే ముసలమ్మలంతా నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ముక్కు సబాదుదే. నోరెలాంటిదో చూడాలి" అంది ఒకావిడ నిన్ను తలుచుకుని.

మొన్న ఇరవయ్యో తారీకు కబ్రాల్ వర్ధంతి చేశారు. పోర్చుగీసువాళ్ళ మీద పదేళ్ళు యుద్ధం నడిపించి, స్వాతంత్ర్యం గుమ్మంలోకి వచ్చాక దాన్ని చూడకుండానే హతమైపోయిన మనిషి. కొత్త టీచరు మాట్లాడాలన్నారు, మాట్లాడాను. నా తర్వాత అవెలీను అనే జీడిపిక్కల వర్తకుడు లేచాడు. ఫొటోల్లో కబ్రాల్ నెత్తిన ఉండేటువంటి అల్లిక టోపీ ఒకటి పెట్టుకుని వచ్చాడు, ఆ ఎండలో. "ఆ మహానుభావుడు కోరిన అభివృద్ధి ఇదే" అంటూ ఊరి వెనక అడవి కొట్టేసి జీడిమామిడి వేయమన్నాడు.

అసలు సంగతి ఇది. నిరుడు సెప్టెంబరు పోటుకి మడ పొలానికి ఏటివైపు కట్ట తెగింది. ఊరి వరి అంతా ఆ పొలంలోదే. వానలకు ముందు గండి పూడ్చకపోతే ఉప్పు పూర్తిగా పట్టేసి మళ్ళీ మడ అడవి అయిపోతుందట. పెద్దలేమో పొలం వదిలేద్దాం, పిక్కలిచ్చి అవెలీను దగ్గర సంచి బియ్యం తీసుకుందాం అంటున్నారు. తేల్చడానికి కమిటీ వేశారు, యుద్ధకాలంలో కబ్రాల్ పార్టీ పెట్టిన పద్ధతిలోనే: ఐదుగురు మనుషులు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు దొమింగాస్ అత్త. రెండోది నేను! "దస్తూరీ బాగుంటుంది, పైగా కొత్తపిల్ల" అన్నాడు అధ్యక్షుడు బిదాన్ పెద్దాయన.

పొలం పోతే ఈ ఊరు అవెలీను సంచి వైపు చూస్తూ బతకాలి. పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చిన పిల్ల ఎవరో అప్పుడే మొహాలు చూసి చెప్పగలుగుతున్నాను. అందుకని అడుగుతున్నాను: వాళ్ళ నోళ్ళు మూయించే కబ్రాల్ మాటలు నాలుగు రాసి పంపు. నువ్వు ఆ కాలంలో బతికినదానివి, ఆయన్ని చూసినదానివి.

నీ
ఎర్మెలిందా


బిస్సావ్,
ఫిబ్రవరి 6

చిట్టితల్లీ,

నేను ఆయన్ని చూడలేదు. మా వయసువాళ్ళల్లో ఆ మాట ఒప్పుకునేది దేశం మొత్తానికి నేనొక్కతినే. ఆయనతో చెయ్యి కలిపామని చెప్పుకునేవాళ్ళందరూ నిజంగా కలిపి ఉంటే పాపం ఆ మనిషికి యుద్ధం చేసే తీరిక ఎక్కడిది? నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నా కళ్ళల్లో పొగ ఉంది. ఆయన మాటలు మా దాకా పార్టీ అడవుల్లో పెట్టిన బడుల టీచర్ల నోట వచ్చాయి, అవే నాకు అక్షరాలు నేర్పాయి.

మాటలు పంపమన్నావు. పంపను. ఆయన వ్యవసాయం చదివినవాడు. యుద్ధానికి ముందు పోర్చుగీసు కొలువులోనే ఈ దేశం పొలాలన్నీ తిరిగి లెక్కలు రాసుకున్నాడు. దేశమంతా ఒక్క వేరుశనగ మీదే ఆధారపడటం అరిష్టమని అప్పుడే అన్నాడు. ఇప్పుడు వేరుశనగ పోయి జీడిమామిడి వచ్చింది, మంత్రం మారలేదు, పూజారే మారాడు. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, అవెలీనుకీ తెలుసు. తెలియడం వల్ల గండి పూడదు.

దస్తూరీ బాగుందని వేశారన్నావు. ముప్పై ఏళ్ళ కిందట నన్నెందుకు వేశారో చెప్పనా? కమిటీలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండి తీరాలని పార్టీ కబురు పెట్టింది. మగవాళ్ళు రాత్రంతా కూర్చుని నన్నూ మా అత్తగారినీ ఎంచారు. మేమిద్దరం అప్పటికి రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఇద్దరు ఆడవాళ్ళూ ఉంటారు, ఏ విషయంలోనూ ఏకం కారు, ఎంత తెలివి! మొదటి మీటింగులోనే మేమిద్దరం ఒక్క మాట మీద నిలిచాం: ఈ గెరిల్లా కుర్రాళ్ళు పోరాడేదానికన్నా తినేది ఎక్కువగా ఉంది, బియ్యం ఎవరెవరి ఇంటి నుంచి ఎంత పోవాలో ఇకనించి మేం చెబుతాం అని. ఆ రోజు నుంచి అత్తగారితో మాట్లాడటం మొదలుపెట్టాను. ఆవిడ పోయేదాకా ఆపలేదు.

ఆయన దగ్గర మేం నేర్చుకున్నది ఒకటే. మనుషులు నీ తలలో ఉన్న గొప్ప మాట కోసం కదలరు, వాళ్ళ బతుకు బాగుపడుతుందంటే కదులుతారు. కనుక ముందు వెళ్ళి వాళ్ళ బతుకేమిటో అడుగు. చెప్పడం తర్వాత.

ఎండు చేపలు పంపుతున్నాను. వ్యాను డ్రైవరు దారిలో రెండు తింటాడు, అది వాడి హక్కు. అంతకన్నా తగ్గితే నాకు రాయి.

అమ్మమ్మ


కంబెసే,
మార్చి 4

అమ్మమ్మా,

చేపలు తగ్గలేదు. నా పరువే తగ్గింది.

నీ మాట వినలేదు. మీటింగులో లేచి కబ్రాల్ రాసినవి పుస్తకంలోంచి పావుగంట చదివాను. అందరూ కళ్ళు మూసుకుని విన్నారు. చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత బిదాన్ పెద్దాయన, "టీచరమ్మ చాలా బాగా చదివింది. ఇక పనిలోకి వద్దాం. పొలం వదిలేద్దామనేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. నాలుగు చేతులు లేచాయి. నాలుగోది దొమింగాస్ అత్తది. ఆవిడ అప్పటిదాకా నిద్రలో ఉంది. మెలకువ వచ్చి చూసేసరికి, కమిటీలోనే ఉన్న మొగుడి చెయ్యి పైన ఉంది, తనూ ఎత్తేసింది.

బయటికి వచ్చాక ఆవిణ్ణి పట్టుకున్నాను.

"అత్తా, దేనికి చెయ్యెత్తావో తెలుసా?"

"తెలియదమ్మా. ఏం, తప్పు చెయ్యి ఎత్తానా?"

"మన పొలం వదిలేయడానికి!"

"అయ్యో, మరి నన్ను లేపొచ్చు కదా నువ్వు? పక్కనే కూచున్నావు!"

వానలకు ముందు ఇంకో మీటింగు ఉంటుందట, అవెలీనుకి గట్టిగా మాట ఇచ్చేది అందులోనే. అప్పటిదాకా నాకు గడువు.

ఇంకో మాట. బిదాన్ పెద్దాయన నన్ను ఇంటి దాకా దిగబెడుతూ, "మీ అమ్మమ్మ ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి పొలిమేర ఎందుకు తొక్కలేదో నీకు చెప్పిందా?" అని అడిగాడు. చెప్పలేదన్నాను. "చెప్పదు. మా వల్లే" అని వెళ్ళిపోయాడు. ఏం జరిగింది అమ్మమ్మా?

ఎర్మెలిందా


బిస్సావ్,
మార్చి 19

ఎర్మెలిందా,

పావుగంటే చదివావా? నీ వయసులో నేనైతే అరగంట చదివి ఉండేదాన్ని. కాబట్టి నాకన్నా కొంత నయమే. ఏడవకు.

బిదాన్ అడిగాడు కనుక చెబుతాను. యుద్ధం ముగిసింది. పోర్చుగీసువాళ్ళు వెళ్ళారు. ఊళ్ళో మూడు రోజులు డప్పులు మోగాయి. నాలుగో రోజు కమిటీ కూర్చుంది. నేనూ మా అత్తగారూ ఎప్పటిలాగే మా పీటలు తెచ్చుకుని వేసుకున్నాం. అప్పుడు బిదాన్, అప్పటికింకా నలభై దాటలేదు, చాలా మర్యాదగా లేచాడు. "అమ్మలారా, మీరు చేసిన సేవ ఊరు మరవదు. ఇప్పుడు శాంతి వచ్చింది. ఇక మీరు ఇబ్బంది పడక్కర్లేదు. పీటలు ఇళ్ళల్లో వేసుకోండి" అన్నాడు. తిట్టి ఉంటే నేను తిరిగి తిట్టేదాన్ని, అది నాకు చేతనవును. మర్యాదకి ఏం చెయ్యను? మా అత్తగారు పీట ఎత్తుకుని ఇంటికి వెళ్ళి పొయ్యి ముందు వేసుకుంది. నేను పిల్లల్ని తీసుకుని బిస్సావ్ వచ్చేశాను, టీచర్ల శిక్షణకి. అంతే.

యుద్ధమప్పుడు ఆడదాని మాట కావాలి. కట్ట తెగినప్పుడు ఆడదాని దస్తూరీ కావాలి. ఈ దేశంలో ఆయన బొమ్మ లేని ఆఫీసు లేదు, ఆయన చెప్పిన పద్ధతి ఉన్న ఆఫీసు నాకింకా తగల్లేదు. అయినా ఆయన మీద నాకు కోపం లేదు. చచ్చిపోయినవాడు లేచి వచ్చి ఊరూరా పీటలు వేయించలేడు కదా.

సరే, పనిలోకి వద్దాం. నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. గండి ఎప్పుడు పడిందో రాశావు, పూడ్చకపోతే ఏమవుతుందో రాశావు, అవెలీను టోపీ అల్లిక కూడా రాశావు. ఆ కట్ట వేయవలసినది ఎవరో ఒక్క ముక్క రాయలేదు. పొడుగు కొయ్యపార పట్టి మడబురద ఎత్తేది బిదాన్ కాదు, ఆయన నడుం ఎప్పుడో పోయింది. కుర్రాళ్ళు ఎత్తాలి. వాళ్ళెక్కడ? వాళ్ళు ఎందుకు ఎత్తడం లేదు? పెద్దలు పొలం వదిలేద్దామంటున్నది జీడిమామిడి మీద ప్రేమతోనో, అడిగితే కుర్రాళ్ళు కాదంటారనే భయంతోనో తెలుసుకో.

వాళ్ళతో కూర్చో. పుస్తకం ఇంట్లో పెట్టి వెళ్ళు.

అమ్మమ్మ


కంబెసే,
ఏప్రిల్ 11

అమ్మమ్మా,

నువ్వు మంత్రగత్తెవి!

జీడిపండ్ల కాలం కదా, కుర్రాళ్ళంతా తోటల దగ్గర సారాకి పండ్లు పిండుతూ కూర్చుంటున్నారు. వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళ నాయకుడు ఫోనా, ఇరవై ఏడేళ్ళవాడు, నలుగురు బస్తా మోసే చోట ఒక్కడే మోస్తాడు. కట్ట ఎందుకు వేయరని అడిగాను.

"కట్ట వేయడం పెద్దమనుషుల పని టీచరమ్మా. మేం పిల్లలం."

"నువ్వు పిల్లాడివా?"

"మరి! పెద్దమనిషిని చేసే అడవి దీక్ష కాలేదుగా నాకు. దీక్ష కాలేదు కాబట్టి నాకు పొలం లేదు, సభలో మాట లేదు. నా ఈడువాళ్ళం ఇరవై మందిమి ఇలాగే ముసలి పిల్లలమై కూచున్నాం. పదేళ్ళ నుంచి ఇదిగో అదిగో అంటున్నారు. మాది కాని పొలానికి మేమెందుకు బురద మొయ్యాలి?"

అందరూ నవ్వారు గానీ అది నవ్వు కాదు.

ఇంటికి వచ్చి దొమింగాస్ అత్తతో పామాయిలు కాస్తూ ఈ మాట కదిపాను. దీక్ష అంటే వంద మందికి నెలల తరబడి అన్నం పెట్టాలట, ఆ అన్నం ఊరి పొలంలో పండినదే కావాలట, సంచి బియ్యం పనికిరాదట. కట్టకి బురద వేసేవాళ్ళు లేక ఆ పొలంలో పంట పదేళ్ళుగా తగ్గుతూనే ఉందట. "బియ్యం లేక దీక్ష పెట్టలేకపోతున్నారు, సిగ్గుపడి చెప్పలేకపోతున్నారు" అందావిడ. చూశావా! కట్ట లేక వరి లేదు, వరి లేక దీక్ష లేదు, దీక్ష లేక కట్ట లేదు. పెద్దలూ కుర్రాళ్ళూ కోరేది ఒక్కటే, ఎవరూ పైకి అనరు. పొలం వదిలేస్తే ఈ పిల్లలకి దీక్షే ఉండదు.

ఎల్లుండే మీటింగు. ఈసారి పుస్తకం తీసుకెళ్ళను. ఒకే ఒక్క ప్రశ్న, అందరి ముందూ, బిదాన్ పెద్దాయన్ని అడుగుతాను: దీక్ష ఎప్పుడు పెడతారు? నువ్వు సంతోషిస్తావని తెలుసు.

ఎర్మెలిందా


బిస్సావ్,
ఏప్రిల్ 14, పొద్దున

ఒసేయ్ పిచ్చిదానా, అడగకు!

ఆడది ఆ మాట సభలో ఎత్తకూడదు! పొయ్యి దగ్గర అనుకోవచ్చు, చెవిలో చెప్పుకోవచ్చు, సభలో నోటితో అనకూడదు. అది మగవాళ్ళ అడవి రహస్యం. మా అత్తగారు అంతటిదే ఆ మాట వచ్చినప్పుడు పీట ఎత్తుకుని దూరంగా పోయేది. పట్నంలో పెరిగినదానివని నాకు గుర్తుండాలి, నీకు తెలుసనుకున్నాను. దొమింగాస్ చేత ఆవిడ మొగుడికి చెప్పించు, ఆయన బిదాన్‌తో అంటాడు, దానికో పద్ధతుంది.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నువ్వు రాసిన ఎల్లుండి నిన్ననే అయిపోయిందని తెలిసీ రాస్తున్నాను. వ్యాను వెళ్ళిపోతోంది. వీధి చివరిదాకా పరుగెత్తాలి. నా మోకాళ్ళ సంగతి దేవుడికి తెలుసు.


కంబెసే,
మే 3

అమ్మమ్మా,

అడిగేశాను.

దొమింగాస్ అత్త కూడా నిద్ర లేచింది. మగవాళ్ళంతా ఒక్కసారిగా లేచి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. నీ ఉత్తరం మర్నాటి రాత్రికి వచ్చింది. అప్పటికే నన్ను కమిటీ నుంచి తీసేశారు. నేను చేసింది ఊరికి పట్టిన మైల అని, వానలోపు అడవి దేవుడి దగ్గర కడుక్కోవాలని తీర్పు చెప్పారు. బలికి పంది నాదే, సారా నాదే. చాలా ఏడ్చాను. పొలం నా వల్లే పోయిందనుకున్నాను.

నన్ను అడవిలోకి రానివ్వరు కదా, దేవుడి గుడిసెకి దూరంగా, అడవి బయటే కూర్చోబెట్టారు. జరిగింది తర్వాత ఫోనా చెప్పాడు. ఈ ఊరి ఆనవాయితీ ప్రకారం మైల మాట ఏమిటో దేవుడికి పైకి చెప్పి కడగాలట, ఆ మాట ఎవరిని గురించో వాళ్ళంతా ఎదుట ఉండాలట. అంటే కుర్రాళ్ళు ఇరవై మందీ. బిదాన్ పెద్దాయన సారా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. "ఒక ఆడపిల్ల తెలియక ఒక మాట అడిగింది" అన్నాడు. "ఏం మాట?" అన్నాడు దేవుడి పక్షాన మాట్లాడే ముసలాయన. అది అడగడం ఆయన విధి. "ఈ పిల్లలకి దీక్ష ఎప్పుడని."

"మరి ఎప్పుడు?"

అది కూడా ఆయన విధేనో, ఆ పూట ఆయనకి అలా తోచిందో ఎవరికీ తెలియదట. బిదాన్ పెద్దాయన గిన్నె కింద పెట్టేశాడట. "బియ్యం లేదు. మా దగ్గర బియ్యం లేదు. పిల్లల ముందు ఆ మాట అనడానికి నాకు పదేళ్ళు పట్టింది" అన్నాడట. ఫోనా, "ముందే అంటే పోయేది కదా పెద్దాయనా, మేమంటే మీకు ఇష్టం లేదనుకున్నాం" అన్నాడట. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడే, దేవుడి ముందే మాట అయింది: ఆ పొలంలో రెండు పంటలు చేతికి రాగానే దీక్ష.

మర్నాడు తెల్లారేసరికి ఏటి ఒడ్డున కొయ్యపారలు. అమ్మమ్మా, ఇరవై పారలు ఒక్కసారి బురదలో దిగే చప్పుడు నీకు తెలుసు, నాకు కొత్త. అవెలీను టోపీతోనే వచ్చి చాలాసేపు నిలబడి చూశాడు. "టోపీ తీసి ఓ చెయ్యి వెయ్యి, కబ్రాల్ కూడా వ్యవసాయమే చదివాడు" అన్నాడు ఫోనా. అతను నవ్వి కారెక్కాడు. జీడిపిక్కలు కొనడానికి ఎలాగూ మళ్ళీ వస్తాడు.

నన్ను మాత్రం కమిటీలోకి తిరిగి తీసుకోలేదు. మైల కడుక్కున్నా నా నోరు నమ్మడానికి లేదంటున్నారు. ఆ పీట నీకు ఇవ్వాలని ఊరి ఆడవాళ్ళందరూ అన్నారు. బిదాన్ పెద్దాయన కాదనలేదు. "సబాదుని రమ్మని నువ్వే రాయి, నేను రాస్తే చింపేస్తుంది" అన్నాడు. వస్తావా?

ఎర్మెలిందా


బిస్సావ్,
మే 17

చిట్టితల్లీ,

నువ్వు చేసినది మహా తప్పు. మా అత్తగారు బతికుంటే నీ చెవి మెలిపెట్టి, తర్వాత చాటుగా నీకు తేనె పెట్టేది. నేను నిన్న ఇక్కడ వీధి వీధంతా తిరిగి ఈ సంగతి చెప్పుకున్నాను. రోజంతా కోపం నటించాలంటే ముఖం నొప్పి పుడుతోంది.

ఇక బిదాన్‌కి జవాబు. ఇది గట్టిగా, అందరూ వినేలా చదువు.

బిదాన్, నువ్వు రాసినా చింపేదాన్ని కాను, తప్పులు దిద్ది పంపేదాన్ని. నువ్వు పిలిచినందుకు నాకు సంతోషంగానే ఉంది. కానీ ఒక ఆడదాన్ని లేపి ఇంకో ఆడదాన్ని కూర్చోబెడతానంటే రాను. అది నువ్వు అప్పుడు చేసిన పనే, పీట మారింది అంతే. నా మనవరాలి పీట దానికి ఉండాలి. దొమింగాస్ పీట దొమింగాస్‌కి ఉండాలి, నిద్రపోతే పక్కవాళ్ళు లేపాలి. నేను మూడోదాన్నవుతాను. ఇద్దరే కదా ఉండాలి అంటావు. కనీసం ఇద్దరు అని కదా పార్టీ చెప్పింది? అంతకు మించకూడదని ఆ అడవిలో ఎవరూ అనగా నేను వినలేదు. నువ్వు విన్నావా? ఐదుగురిలో ముగ్గురం అవుతాం, తెలుసు. మగవాళ్ళల్లో ఎవరు లేవాలో మీరే తేల్చుకోండి. యుద్ధం లేనప్పుడు కూడా ఆ మాట నిలుస్తుందో లేదో చూసి గానీ నేను వ్యాను ఎక్కను.

చదివేశావా? ఇప్పుడు నీకు మాత్రమే. ఎర్మెలిందా, వాళ్ళు ఒప్పుకోకపోతే నువ్వు దిగాలు పడకు. కట్ట పడింది, నాకు అది చాలు. నేను నాట్లకి కూలిమనిషిలా అయినా వస్తాను. ఈ ముక్క బిదాన్‌కి చదవకు.

అమ్మమ్మ


కంబెసే,
జూన్ 15

అమ్మమ్మా,

చదివాను, చదవమన్నంతవరకే. మగవాళ్ళు మూడు సాయంత్రాలు వాదించుకున్నారు. చివరికి కమిటీలోని దొమింగాస్ అత్త తమ్ముడు పీట వదిలి లేచాడు. లేచాడనడం కూడా తప్పే, ఈ సారా కాలంలో అతను తాగి పడుకోవడమే గానీ కూర్చున్నది ఎవరూ చూడలేదు. "ముగ్గురు ఆడవాళ్ళే, కానీ అధ్యక్షుణ్ణి నేనే" అని చెప్పమన్నాడు బిదాన్ పెద్దాయన. లేచి వెళ్తూ, "ఆవిడ వచ్చేదాకా" అన్నాడు. నవ్వాడో లేదో చీకట్లో కనపడలేదు.

వానలు పడ్డాయి. గండి పూడిన చోట కట్ట ఒక్కచోట కుంగింది, రాత్రికి రాత్రి మళ్ళీ ఎత్తారు. నిలిచింది. ఈ ఏడు నాట్లు పడవు, వాననీళ్ళు ఉప్పుని కడగాలి, వచ్చే ఏటికి చూద్దామంటున్నారు. అయినా ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే పొలంలోకి దిగి ఓ దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్ముతున్నారు. ఈ రోజు నేనూ దిగాను.

"ఎలా ఉంది?" అని అడిగాను దొమింగాస్ అత్తని.

"ఉప్పే. కానీ నిన్నటి ఉప్పు కాదు."

నాకైతే ఏ తేడా తెలియలేదు. ఆ మాటే అంటే నవ్వి, రేపు మళ్ళీ రమ్మంది.

నీ
ఎర్మెలిందా